తోక చివరిదాకా

ఉల్లిపాయలు తరిగేటప్పుడు ఎవరి కళ్ళకైనా నీళ్ళొస్తాయి. అందుకని ఆ మాట చెప్పేటప్పుడు వంటాయన నిజంగానే ఏడ్చాడో, ఉల్లిపాయలే ఏడిపించాయో కొలతలాయనకు తెలియలేదు.

"నీకు ముందు ఈ పనికొచ్చినవాడు జారిపడలేదు అబ్బాయ్," అన్నాడు వంటాయన, కత్తి ఆపకుండా. "ఆ రోజు సముద్రం పళ్ళెంలో నీళ్ళలా ఉంది. నేనిదిగో, ఈ కిటికీ దగ్గరే ఉన్నాను. పెద్ద అల వచ్చిందనీ కాలు జారిందనీ కాగితం రాశారు. అందరిచేతా సంతకాలు పెట్టించారు. నేనూ పెట్టాను."

కొలతలాయన టీ గ్లాసు నోటిదాకా తెచ్చి ఆపేశాడు. "నాకెందుకు చెబుతున్నావు బాబాయ్ ఇదంతా?"

"నిన్న నువ్వు అడుగు గదిలోకి దిగావు. చూసినవాడు చూశాడు, చెప్పాల్సినవాడికి చెప్పాడు. ముందటివాడూ అంతే. దిగాడు, చూశాడు, పుస్తకంలో రాసుకున్నాడు. వారం తిరక్కుండానే..." వంటాయన మాట మింగేసి ఇంకో ఉల్లిపాయ తీసుకున్నాడు. "టీ తాగేసి వెళ్ళిపో. నేను నీతో మాట్లాడలేదు, నువ్వు నాతో మాట్లాడలేదు."

కొలతలాయన టీ తాగలేదు. గ్లాసు అక్కడ పెట్టి, గోడ పట్టుకుని తన గదికి నడిచాడు.

ఈ ఉద్యోగం సంగతి కాస్త చెప్పాలి, లేకపోతే ఆయన భయం మనకు అందదు. రెండు దేశాల మధ్య ఒకటే సముద్రం. చేపలకు సరిహద్దులేం తెలుసు? పొద్దున ఇటుంటాయి, సాయంత్రానికి అటుంటాయి. ఎవరికి దొరికినంత వాళ్ళు ఊడ్చుకుపోతే నాలుగేళ్ళలో సముద్రం ఖాళీ అయిపోతుందని రెండు దేశాలూ కూర్చుని ఒప్పందం రాసుకున్నాయి. ఏ జెండా ఓడయినా సరే, ఆ నీళ్ళలో వేటాడాలంటే ఒక పరిశీలకుణ్ని ఎక్కించుకోవాలి. ఎన్ని చేపలు పడ్డాయి, ఎంతెంత పొడుగున్నాయి, ఎక్కడ పడ్డాయి, అన్నీ అతను రాయాలి. రెండు దేశాల తనిఖీ బోట్లలో ఏదైనా వచ్చి ఆ ఓడ ఎక్కి చూడవచ్చు. కాగితాల మీద పరిశీలకుడని ఘనంగానే రాస్తారు గానీ, ఓడల మీద మాత్రం అందరూ పిలిచేది కొలతలాయన అని. ఎక్కువమంది అది కూడా మూతి ముడుచుకునే పిలుస్తారు.

కొలవడమంటే పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. సెంటీమీటర్ల గీతలున్న పొడుగాటి పలక ఉంటుంది. చేప ముక్కును పలక అంచుకు ఆనించి, తోక రెండుగా చీలే చోటు దాకా కొలవాలి. తోక చివరిదాకా కాదు. తోక కొసలు వలలో చిరుగుతాయి, విరుగుతాయి, వాటిని నమ్మడానికి లేదు. ఈ పనికి ఇదే ఓనమాలు. రెండు దేశాల వాళ్ళకూ ఒకే హాల్లో పాఠం చెప్పిన ముసలి మాస్టారు బల్ల గుద్ది మరీ అరిచేవాడు: "తోక కొలిచేవాడికి ఓడలో చోటు లేదు! ఆ క్షణమే కాలరు పట్టుకుని దింపేస్తారు, ఇంటికెళ్ళి గుడ్డలు కొలుచుకోండి!" అందరూ నవ్వేవాళ్ళు. అప్పట్లో కొలతలాయన కూడా కడుపు పట్టుకుని నవ్వాడు.

తొమ్మిదేళ్ళయింది. ఆయన కొలతల్లో తప్పు దొరికిందన్నవాడు లేడు.

నిన్న అడుగు గదిలో ఆయన చూసింది పిల్ల చేపల్ని. అరచేయంత కూడా లేవు. లెక్కలో లేని పెట్టెలు, పైకప్పు దాకా పేర్చి ఉన్నాయి. వేట నిషేధించిన చోట, గుడ్లు పెట్టే చోట పట్టినవి. ఓడ ఎక్కడుందో గంటగంటకూ రెండు దేశాలకూ చెప్పే పరికరం పోయిన వారం రెండు రోజులు 'పాడైంది' కదా, ఆ రెండు రోజుల పని ఇది. ఆయన తేదీలతో సహా పుస్తకంలో రాసుకున్నాడు. సొంతంగా సందేశాలు పంపుకునే ఆయన రేడియో కూడా ఓడెక్కిన మూడో రోజునే 'పాడైంది'. ఈ ఓడలో పాడవ్వాల్సినవి మాత్రం భలే వేళకు పాడవుతాయి.

గదిలో కూర్చుని ఒప్పందం నిబంధనలన్నీ ఒక్కొక్కటే గుర్తుచేసుకున్నాడు. రేపు తనిఖీ బోటు వస్తుందని తెలుసు. వాళ్ళకు చెప్పేస్తే? పరిశీలకుడు ఓడ మీద ఫిర్యాదు చేస్తే, దాని మీద ఏ చర్య తీసుకోవాలన్నా ఆ ఓడ ఏ దేశం జెండా ఎగరేస్తోందో ఆ దేశం అనుమతి రావాలి. ఈ ఓడది మూడో దేశం జెండా, ఆ దేశానికి ఈ ఓడ మొహం కూడా తెలియదు. జవాబు రావడానికి రెండు రోజులు, ఒక్కోసారి వారం. అంతవరకూ ఫిర్యాదు చేసిన పరిశీలకుడు, సాక్ష్యం చెడిపోకుండా, అదే ఓడలో ఉండాలి! ఈ ముక్క రాసిన మహానుభావుడు జన్మలో కుర్చీ తప్ప ఇంకేదీ ఎక్కి ఉండడు. జబ్బు చేసిందంటే? డాక్టరును పంపుతారు, ఎప్పటికో. నీళ్ళలో దూకితే? ఆ పని చెయ్యడానికి వాళ్ళే ఉన్నారు కదా. తలుపుకు కుర్చీ అడ్డం పెట్టి, దుప్పటి గడ్డం దాకా లాక్కుని, తెల్లవార్లూ తలుపు గొళ్ళేన్నే చూస్తూ గడిపాడు.

పొద్దున్నే కెప్టెన్ పిలిపించాడు. కెప్టెన్‌ను ఓడలో అందరూ నవ్వులాయన అంటారు. గొంతు పెంచడు, తిట్టడు, ఎప్పుడూ నవ్వే. బుధవారాలు కొలతలాయన ఇంటికి మాట్లాడుకోవడానికి కెప్టెన్ గదిలోని ఫోను ఇస్తారు. ఆ రోజు బుధవారం. కెప్టెన్ బయటికి వెళ్ళడు. పెన్సిలు చెక్కుకుంటూ అక్కడే కూర్చుంటాడు.

"ఏవండీ, తిన్నారా?" అంది భార్య.

"తిన్నాను."

"గొంతేంటి అలా ఉంది? జలుబు చేసిందా? తల తుడుచుకోమంటే వినరు కదా. ఇదిగో, మన చిట్టి బళ్ళో ఓడ బొమ్మ గీసిందండీ. ఓడ కన్నా మీరే పెద్దగా ఉన్నారు అందులో."

చెప్పాలి. ఒక్క మాట చాలు. కెప్టెన్ పెన్సిలు మొనను వేలితో తాకి చూసుకుంటున్నాడు. కొలతలాయన ఫోను ఇంకో చెవికి మార్చుకున్నాడు.

"చిట్టిని... బాగా చదువుకోమను," అన్నాడు.

"అదేంటండీ, చచ్చిపోయేవాడు అప్పగింతలు పెట్టినట్టు!" అని నవ్విందావిడ. "సరే, బిల్లు అవుతుంది, పెట్టేస్తున్నా."

ఫోను పెట్టేసినా ఆ నవ్వు చెవిలోంచి పోలేదు. ఎంత మంచి నవ్వు! ఇంకోసారి వింటానా అనుకున్నాడు.

"చిట్టి రెండో తరగతి కదా సార్?" అన్నాడు కెప్టెన్, చెక్కిన పెన్సిలు బల్ల మీద పెడుతూ. "పసుపు గేటు బడి. మీ ఆవిడే చెప్పింది లెండి పోయిన వారం. ఈ ఫోను కాస్త గట్టిగా వినిపిస్తుంది. ఆఁ, ఇంకో గంటలో తనిఖీ వాళ్ళు వస్తున్నారు. మామూలే, వాళ్ళ ముందు ఐదు చేపలు కొలిచి చూపించి, అంతా బాగుందని సంతకం పెట్టేయండి. వాళ్ళు వెళ్ళాక మనిద్దరం తీరిగ్గా కూర్చుని మాట్లాడుకుందాం. ఆ పుస్తకం కూడా తెచ్చుకోండి."

వాళ్ళు వెళ్ళాక. ఆ రెండు మాటలు చాలు, పై ప్రాణాలు పైనే పోయాయి.

తనిఖీ బోటు దూరంగా ఆగింది. అక్కడి నుంచి రబ్బరు పడవలో ముగ్గురు వచ్చారు. ఇద్దరు కాపలావాళ్ళు, వాళ్ళకు పైన ఒక అధికారిణి. పక్క దేశం మనిషి, యాభై దాటిన వయసు, కళ్ళజోడుకు తాడు, మొహంలో ఎక్కడా మెత్తదనం లేదు. ముగ్గురు ఇటువైపు, ఓడవాళ్ళు ఇరవై ఆరుగురు అటువైపు. రెండు దేశాల వాళ్ళకూ వచ్చిన భాష ఒక్కటే, అది కెప్టెన్‌కూ వచ్చు. గుట్టుగా చెప్పే దారి లేదు.

కొలతలాయన 'నన్ను దింపండి' అని చీటీ రాసి పిడికిట్లో పెట్టుకుని ఉన్నాడు. కరచాలనం చేసేటప్పుడు ఇచ్చేద్దామనుకున్నాడు. తీరా ఆవిడ ఎదుటికి వచ్చేసరికి ఆ చీటీ చెమటకు నాని ముద్దయి, అక్షరం లేకుండా పోయింది. ఆవిడ కరచాలనం కూడా చేయలేదు. గ్లవ్స్ వేసుకుంటూ, "కానివ్వండి, ఐదు చేపలు," అంది.

పలక వేశారు. చేపలు తెచ్చి పోశారు. కెప్టెన్ పక్కనే చేతులు కట్టుకుని నవ్వుతూ నిలబడ్డాడు. ఆ నిలబడడం ఎంత దగ్గరంటే, అతను వాడే సబ్బు వాసన కూడా తెలుస్తోంది.

మొదటి చేప. చేయి దానంతటదే తోక చీలిక దగ్గర ఆగింది. "యాభై నాలుగు," అన్నాడు. ఆవిడ తలెత్తకుండా రాసుకుంది. రెండోది. "యాభై ఒకటి." రాసుకుంది. ఇంకా మూడు. మూడు చేపలయ్యాక సంతకం, సంతకం అయ్యాక పడవ వెళ్ళిపోతుంది. ఆవిడ కళ్ళల్లోకి చూద్దామంటే ఆవిడ కళ్ళు కాగితం మీదే ఉన్నాయి. ఏమ్మా, ఒక్కసారి తలెత్తితే నీ సొమ్మేం పోయింది, అని లోపల్లోపల ఏడ్చుకున్నాడు.

మూడో చేప ఎత్తుతుంటే ఎక్కడి నుంచో మాస్టారి కేక వినిపించింది. ఆ క్షణమే కాలరు పట్టుకుని దింపేస్తారు! దానితోపాటే, రాత్రంతా వెతికినా తట్టని నిబంధన తట్టింది. పని రాని పరిశీలకుణ్ని తనిఖీ అధికారి అక్కడికక్కడే ఓడ దింపేయవచ్చు. ఎవరి అనుమతీ అక్కర్లేదు. తొమ్మిదేళ్ళుగా ఆయనకు ఆ ముక్కతో పని పడలేదు, అందుకే గుర్తుకు రాలేదు.

చేప ముక్కును పలక అంచుకు ఆనించాడు. చేయి చీలిక దగ్గరే ఆగబోయింది. దాన్ని బలవంతంగా ముందుకు జరిపి తోక కొస దగ్గర పెట్టాడు.

"అరవై రెండు."

రాస్తున్న కలం ఆగింది. "మళ్ళీ కొలవండి."

మళ్ళీ తోక కొస. "అరవై రెండు."

"ఎన్నేళ్ళుగా చేస్తున్నారీ పని?"

"తొమ్మిదేళ్ళండీ."

"తొమ్మిదేళ్ళా!" ఆవిడ మొహం చిట్లించింది. "తోక ఎవరైనా కొలుస్తారా? చీలిక దాకా. ఇదిగో, ఇక్కడికి." తనే వేలు పెట్టి చూపించింది. పంతులమ్మలా ఓపిగ్గా చూపించింది.

ఈవిడ దిద్దుతోంది. దిద్దేసి, సంతకం తీసుకుని, చక్కగా వెళ్ళిపోతుంది. దేవుడా, మంచి మనిషిని పంపావు, చెడ్డ మనిషిని పంపి ఉంటే బతికేవాణ్ని!

"సార్ కాస్త అలిసిపోయారు మేడమ్," అన్నాడు కెప్టెన్ తియ్యగా. "నిద్ర చాలట్లేదు పాపం."

నాలుగో చేప. తోక కొస. "అరవై."

"కాదంటే అర్థం కాదా మీకు?" ఆవిడ ఆయన మణికట్టు పట్టుకుని చేతిని చీలిక దగ్గరికి లాగింది. లాగి అలాగే ఆగిపోయింది. మణికట్టులో నాడి ఎలా కొట్టుకుంటోందో ఆవిడ వేళ్ళకు తెలిసే ఉంటుంది. ఆవిడ తలెత్తలేదు. కెప్టెన్ వైపు చూడలేదు.

"ఇంకొకటి," అంది చివరికి. గొంతు మారిపోయింది. "కొలవండి."

ఐదో చేప. తోక కొస దాకా, ఆ పైన ఇంకో వేలెడు కూడా కలిపి చెప్పాడు. "అరవై ఐదు."

ఆవిడ కాగితాల అట్టను బల్ల మీద విసిరికొట్టింది. "తోక కొలిచేవాడికి ఓడలో చోటు లేదు!" అని అరిచింది. అదే కేక, అవే మాటలు. "సిగ్గుందా మీకు? తొమ్మిదేళ్ళుగా జీతం తీసుకుంటూ ఓనమాలు రావా? ఎక్కండి పడవ. ఇప్పుడే, ఈ క్షణమే!"

చుట్టూ ఉన్న పనివాళ్ళు పగలబడి నవ్వారు. కెప్టెన్ మాత్రం నవ్వు తగ్గించి, "అయ్యో, అంత కోపమెందుకు మేడమ్? కొత్తవాళ్ళు వచ్చేదాకా ఉండనివ్వండి," అన్నాడు.

"ఉండనిస్తా. కానీ ఈయన ఓడలో ఉన్నంతసేపూ మీ చేప ఒక్కటి కూడా రెండు దేశాల్లో ఏ రేవులోనూ దిగదు. కుదురుతుందా మీకు?" అంటూ ఆవిడ కొలతలాయన చంకలోని పుస్తకం లాక్కుని నాలుగు పేజీలు తిరగేసింది. "అంతా చెత్త! ఇది నా దగ్గరే ఉంటుంది. ఈయన్ని ఉద్యోగంలోంచి తీసేయడానికి ఇదే సాక్ష్యం."

కెప్టెన్ ఆలోచించుకున్నాడు. పని రానివాడు రాసిన పుస్తకాన్ని ఇక ఏ కోర్టు నమ్ముతుంది? అతని నవ్వు మళ్ళీ విచ్చుకుంది. "మీ ఇష్టం మేడమ్," అని పక్కకు తప్పుకుని, కొలతలాయన భుజం తట్టాడు. "చిట్టిని అడిగానని చెప్పండి సార్."

తాళ్ళ నిచ్చెనకు పద్దెనిమిది మెట్లు. ఒక్కో మెట్టు దిగుతూ, ఇప్పుడు పిలుస్తాడు, ఇప్పుడు వెనక్కి రమ్మంటాడు అనుకుంటూనే దిగాడు. వంటగది కిటికీలోంచి ఉల్లిపొట్టు నీళ్ళలో పడింది. పారబోసిన మనిషి ఇటు చూడలేదు. కొలతలాయన కూడా తలెత్తలేదు. ఆ వంటాయన ఇంకా ఆ ఓడలోనే ఉండాలి.

పడవ కదిలింది. వెనక నుంచి బైనాక్యులర్స్‌లో చూస్తూనే ఉంటారని అందరికీ తెలుసు. ఆవిడ మధ్యమధ్యలో వేలు చూపిస్తూ ఇంకా తిడుతున్నట్టు చేతులాడించింది. ఓడ బాగా చిన్నదయ్యాక ఆ చేయి ఒళ్ళో పడిపోయింది.

కాపలావాళ్ళలో ఒకతను తన కోటు తీసి కొలతలాయనకు కప్పాడు.

"అమ్మా, మీరు నా ప్రాణం..." అని మొదలుపెట్టాడు.

"మీకు పని రాదని రాయాల్సిందే," అందావిడ, నీళ్ళ వైపు చూస్తూ. "ఇప్పుడు ఆ కాగితం చింపితే వాళ్ళకు తెలిసిపోతుంది. వాళ్ళకు మీ ఇల్లు తెలుసు. మీ పుస్తకం నేను నమ్ముతాను, కానీ పైవాళ్ళు నమ్మడం కష్టం. తొమ్మిదేళ్ళ మీ పేరు పోయినట్టే."

"పోనీండి. చిట్టి మొహం చూస్తాను, అది చాలు." కోటు దగ్గరికి లాక్కుని అడిగాడు. "మీకు ఎలా తెలిసిందండీ? మొదట దిద్దారు కదా, ఇక అయిపోయాననుకున్నాను."

ఆవిడ కళ్ళజోడు తీసింది. తుడవలేదు, ఊరికే చేతిలో పట్టుకుంది.

"ఎనిమిది నెలల క్రితం ఇదే ఓడ. అదే బల్ల, అదే నవ్వు పక్కన. మీకు ముందున్నవాడు, కాలు జారి పోయాడని కాగితం వచ్చిందే, అతను. ఆ అబ్బాయి కూడా తోక చివరిదాకా కొలిచాడు. కొత్తవాడు, పెళ్ళై మూడు నెలలే అయిందన్నాడు. నిజానికి అప్పుడే దింపేయాలి. కానీ ఉద్యోగం పోతుందని జాలేసింది. చేయి పట్టుకుని, చీలిక దాకా ఎలా కొలవాలో నేర్పించాను."

"ఏమన్నాడు?"

"ఏమీ అనలేదు. మళ్ళీ తోక కొలిచాడు. నేను మళ్ళీ దిద్దాను." ఆవిడ కళ్ళజోడు తాడు వేలికి చుట్టుకుంది. "మూడోసారి సరిగ్గానే కొలిచాడు. భేష్ అని భుజం తట్టి, పడవెక్కి వచ్చేశాను."